లాగర్ కమాండ్‌తో సిస్టమ్ లాగ్‌లోకి మెసేజ్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లైనక్స్ సర్వర్లు కొత్తగా చూసుకుంటున్నవాళ్ళు ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను, టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఆప్షన్‌కి పెద్దక్షరం కావాలంటే అక్కడే చెప్పాను, చెప్పకపోతే చిన్నక్షరమే.

## మొదటిసారి వాడేటప్పుడు

ఎకో కొట్టి ఒక ఫైల్లోకి పంపితే సరిపోదా? ఈ లాగర్ ఎందుకు?

స్క్రిప్టు మీ ఒక్కరిదీ, మిషన్ మీ ఒక్కరిదీ అయితే సరిపోతుంది. కానీ సొంత ఫైలు పెట్టుకుంటే ప్రతి లైనుకీ టైమ్ మీరే వేసుకోవాలి, ఫైలు పెరిగిపోకుండా రొటేషన్ (పాతది పక్కన పెట్టి కొత్త ఫైలు మొదలెట్టడం) మీరే చూసుకోవాలి, పర్మిషన్ల గొడవ కూడా మీదే. సిస్టమ్ లాగ్ ఇదంతా ఎప్పట్నుంచో చేస్తోంది. దానికంటే పెద్ద లాభం ఇంకోటుంది: రాత్రి రెండింటికి డిస్క్ నిండిపోయిందనుకోండి, అప్పుడు కెర్నెల్ ఏమంది, డేటాబేస్ ఏమంది, మీ బ్యాకప్ స్క్రిప్టు ఏమంది అనేది ఒకే వరసలో, ఒకే గడియారం ప్రకారం కనపడుతుంది. మీ మెసేజ్‌లు హోమ్ ఫోల్డర్‌లో ఏదో మూల ఫైల్లో ఉంటే, ఆ ఫైలు ఒకటుందన్న సంగతే ఆ టైమ్‌లో డ్యూటీలో ఉన్న మనిషికి తెలియదు.

దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. 1986 నాటి 4.3 బీఎస్‌డీ నుంచి ఉన్న కమాండ్ ఇది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో యుటిల్-లైనక్స్ ప్యాకేజీతోనూ, డెబియన్, ఉబుంటుల్లో బీఎస్‌డీయుటిల్స్ ప్యాకేజీతోనూ ముందే వచ్చేస్తుంది. ఆల్పైన్‌లో ఉండేది బిజీబాక్స్ వాళ్ళ చిన్న వెర్షన్, దాంట్లో -టి, -పి, -ఎస్ లాంటి నాలుగు ముక్కలే పనిచేస్తాయి.

రూట్ అయితేనే రాయగలమా?

కాదు, మామూలు యూజర్ ఎవరైనా రాయొచ్చు. `లాగర్ "టెస్ట్"` అని కొట్టి చూడండి, సుడో అడగదు. మెసేజ్ /డెవ్/లాగ్ అనే సాకెట్‌లోకి వెళ్తుంది, దాంట్లో రాసే హక్కు అందరికీ ఉంటుంది. అడ్డు వచ్చేది చదివేటప్పుడే. డెబియన్, ఉబుంటుల్లో ఏడీఎమ్ గ్రూపులో ఉంటే సిస్టమ్ మొత్తం లాగ్ చదవొచ్చు. జర్నల్ (సర్వీస్‌లని నడిపే సిస్టమ్‌డీ దాచుకునే లాగ్) ఒక్కటే చాలనుకుంటే సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూపు ఉంది. ఏ గ్రూపులోనూ లేకపోతే సుడోతో చదువుకోవాల్సిందే.

మెసేజ్‌కి ట్యాగ్ (గుర్తుపేరు) ఇచ్చే -టి తప్పనిసరా? పెట్టకపోతే ఏమవుతుంది?

తప్పనిసరి కాదు, కానీ పెట్టకపోతే మెసేజ్ ముందు మీ యూజర్ పేరు వచ్చి కూర్చుంటుంది. రూట్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) పది స్క్రిప్టులు నడుస్తుంటే పదీ "రూట్:" అనే కనపడతాయి, ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. `లాగర్ -టి నైట్‌బ్యాకప్ "డంప్ మొదలైంది"` అని పెట్టారా, తర్వాత జర్నల్ చదివే కమాండ్ `జర్నల్‌సీటీఎల్ -టి నైట్‌బ్యాకప్` కొడితే అవి మాత్రమే వస్తాయి. ట్యాగ్ పొట్టిగా, ఖాళీలు లేకుండా ఉండాలి, ముఖ్యంగా రోజుకోలా మారకూడదు. ట్యాగ్‌లోనే తేదీ పెట్టేవాళ్ళున్నారు, దయచేసి వద్దు.

-పి దగ్గర "లోకల్0.ఇన్ఫో" లాంటివి రాస్తారు కదా, అవేంటి?

చుక్కకి ముందున్నది మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఫెసిలిటీ, చుక్క తర్వాతది అదెంత సీరియస్సో చెప్పే లెవెల్. ఫెసిలిటీల్లో కెర్న్, యూజర్, మెయిల్, డీమన్, ఆథ్, క్రాన్ లాంటివి ముందే ఒక్కో పనికి కేటాయించినవి. లోకల్0 నుంచి లోకల్7 దాకా ఎనిమిదింటిని మనకోసం ఖాళీగా వదిలారు, సొంత స్క్రిప్టులకి అవే వాడండి. రెడ్‌హ్యాట్ వైపు లోకల్7ని బూట్ లాగ్‌కి వాడతారు కాబట్టి దాన్ని మాత్రం వదిలెయ్యండి. కెర్న్ అని ఇచ్చినా లాభం లేదు, లాగర్ దాన్ని యూజర్‌గా మార్చేస్తుంది.

లెవెల్స్ ఎనిమిది: ఎమర్జ్ 0, అలర్ట్ 1, క్రిట్ 2, ఎర్ర్ 3, వార్నింగ్ 4, నోటీస్ 5, ఇన్ఫో 6, డీబగ్ 7. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, ఇది చాలామంది తిరగేసి గుర్తుపెట్టుకుంటారు. మీరేమీ ఇవ్వకపోతే యూజర్.నోటీస్ అని పడుతుంది. వైర్ మీద ఈ రెండూ కలిసి ఒకే అంకెగా వెళ్తాయి, ఫెసిలిటీ నంబర్‌ని ఎనిమిదితో గుణించి లెవెల్ కలిపితే వచ్చే అంకె అది. యూజర్ 1, నోటీస్ 5 కాబట్టి 13. లోకల్0 నంబరు 16, ఇన్ఫో 6, కాబట్టి 134. నెట్‌వర్క్ క్యాప్చర్‌లో మెసేజ్ ముందు <134> అని కనపడితే కంగారు పడొద్దు, అది ఇదే.

ఏది ఎప్పుడు వాడాలంటే, పని మామూలుగా జరిగితే ఇన్ఫో, ఇప్పటికి పర్లేదు కానీ రేపు చూడాలి అంటే వార్నింగ్, పని ఆగిపోతే ఎర్ర్. నా లెక్కలో స్క్రిప్టులకి ఈ మూడూ చాలు. అన్నిటికీ ఎర్ర్ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి, వారం తిరిగేసరికి ఆ ఎర్రర్లని పట్టించుకునేవాళ్ళు ఉండరు.

ఎమర్జ్ పెట్టి చూస్తే ఏమవుతుంది?

ఆ మిషన్‌లో లాగిన్ అయి ఉన్న అందరి టెర్మినల్స్ మీదా మీ మెసేజ్ ప్రత్యక్షమవుతుంది. ఎవరో విమ్‌లో కాన్ఫిగ్ ఎడిట్ చేసుకుంటుంటే మధ్యలో "టెస్ట్ టెస్ట్" అని పడుతుంది. జర్నల్ రాసే ప్రోగ్రామ్ జర్నల్‌డీ ఎమర్జ్ మెసేజ్‌లని డిఫాల్ట్‌గానే అందరికీ చాటుతుంది, ఆర్‌సిస్‌లాగ్ (లాగ్‌ని టెక్స్ట్ ఫైళ్ళలో రాసే ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో కూడా సాధారణంగా అదే రూలు ఉంటుంది. ప్రొడక్షన్‌లో సరదాకి చెయ్యకండి.

## పంపాక వెతికేటప్పుడు

పంపాను, ఎర్రర్ రాలేదు, కానీ /వార్/లాగ్/సిస్‌లాగ్ ఫైలే లేదు. మెసేజ్ ఎక్కడికి పోయింది?

డిస్ట్రోని బట్టి చోటు మారుతుంది. ఉబుంటులో /వార్/లాగ్/సిస్‌లాగ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో /వార్/లాగ్/మెసేజెస్. కానీ 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ కావట్లేదు, అక్కడ ఆ ఫైలు ఉండదు, జర్నల్ ఒక్కటే ఉంటుంది. సిస్టమ్‌డీ ఉన్న ఏ మిషన్‌లోనైనా `జర్నల్‌సీటీఎల్ -టి మీట్యాగ్` పనిచేస్తుంది, ముందు అదే చూడండి. ఒక టెర్మినల్‌లో `జర్నల్‌సీటీఎల్ -ఎఫ్` తెరిచి పెట్టుకుని ఇంకోదాంట్లోంచి లాగర్ కొడితే, వచ్చిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

డాకర్ కంటైనర్ లోపల లాగర్ కొడితే ఎగ్జిట్ కోడ్ సున్నా వస్తోంది, మెసేజ్ మాత్రం ఎక్కడా లేదు. ఏం జరుగుతోంది?

కంటైనర్‌లో మామూలుగా సిస్‌లాగ్ డీమన్ (మెసేజ్‌లు అందుకుని రాసే ప్రోగ్రామ్) ఉండదు, /డెవ్/లాగ్ కూడా ఉండదు. సిస్టమ్‌డీతో బూట్ అయిన మిషన్ కాకపోతే, సాకెట్ లేకపోయినా లాగర్ కిక్కురుమనకుండా సున్నాతో బయటికొస్తుంది, దాని డిఫాల్ట్ తీరే అంత. `లాగర్ --సాకెట్-ఎర్రర్స్=ఆన్ "టెస్ట్"` అని కొట్టండి, అప్పుడు అసలు ఎర్రర్ బయటపడుతుంది. హోస్ట్ /డెవ్/లాగ్‌ని లోపలికి మౌంట్ చేసేవాళ్ళున్నారు, పనిచేస్తుంది కూడా, కానీ నేనైతే కంటైనర్‌లో లాగర్ జోలికే వెళ్ళను. ఎకోతో స్టాండర్డ్ ఔట్‌పుట్‌కి రాస్తే `డాకర్ లాగ్స్` దాన్ని ఎలాగూ పట్టుకుంటుంది.

నా స్క్రిప్టు సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడుస్తోంది. ఒక సర్వీస్ మెసేజ్‌లే చూపించే జర్నల్‌సీటీఎల్ -యు తో చూస్తే లాగర్ మెసేజ్‌లు కొన్నిసార్లు ఉంటున్నాయి, కొన్నిసార్లు లేవు. ఎందుకు?

బాగా టెన్షన్ పెట్టే సమస్య ఇది, ఎందుకంటే మెసేజ్ నిజానికి ఎక్కడికీ పోలేదు. లాగర్ చాలా పొట్టి ప్రాసెస్, మెసేజ్ పంపి వెంటనే చచ్చిపోతుంది. ఎవరు పంపారో, ఏ సర్వీస్‌లోంచి వచ్చిందో తెలుసుకోవడానికి జర్నల్‌డీ /ప్రాక్‌లోకి (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే చోటు) వెళ్ళి చూస్తుంది. ఈలోపే ఆ ప్రాసెస్ ముగిసిపోతే సర్వీస్ పేరు రాయడానికి దానికి ఆధారం దొరకదు. అందుకని మెసేజ్ జర్నల్‌లో ఉంటుంది కానీ ఆ యూనిట్ (అంటే ఆ సర్వీస్) కింద ఉండదు. `జర్నల్‌సీటీఎల్ -టి మీట్యాగ్` తో వెతికితే దొరుకుతుంది.

సర్వీస్‌గా నడిచే స్క్రిప్టులో అయితే అసలు లాగర్ తీసేసి ఉత్త ఎకో పెట్టడమే మేలు, సర్వీస్ ఔట్‌పుట్ నేరుగా జర్నల్‌లోకే వెళ్తుంది, యూనిట్ పేరు తప్పకుండా ఉంటుంది. లెవెల్ కూడా కావాలంటే మెసేజ్ మొదట్లో ఆ అంకె పెట్టండి: `ఎకో "<3>డిస్క్ నిండింది"` అంటే ఎర్ర్‌గా నమోదవుతుంది, ఆ కోణపు బ్రాకెట్లని జర్నల్‌డీ తీసేస్తుంది.

అయిదుసార్లు పంపితే ఫైల్లో ఒక్కసారే కనపడుతోంది, మిగతావి పోయాయా?

పోలేదు. ఉబుంటు ఆర్‌సిస్‌లాగ్ కాన్ఫిగ్‌లో రిపీటెడ్ మెసేజ్ రిడక్షన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, వరసగా ఒకే మెసేజ్ వస్తే మొదటిది రాసి, మిగతావాటికి "ఇన్నిసార్లు రిపీట్ అయింది" అని ఒక లైను వేస్తుంది. టెస్ట్ చేసేటప్పుడు మెసేజ్‌లో లూప్ నంబర్ కలపండి, అన్నీ విడివిడిగా వస్తాయి.

వేల మెసేజ్‌లు ఒకేసారి పంపితే కొన్ని మాయమవుతున్నాయి?

జర్నల్‌డీకి రేట్ లిమిట్ ఉంది, డిఫాల్ట్‌గా ఒక సర్వీస్ నుంచి 30 సెకన్లలో 10,000. అది దాటితే మిగతావి పారేసి, ఎన్ని ఆపిందో చెప్తూ "సప్రెస్డ్" అని ఒక లైను రాస్తుంది. లిమిట్ పెంచొచ్చు. కానీ లూప్‌లో ప్రతి రికార్డుకీ ఒక మెసేజ్ ఎందుకు పంపుతున్నారో ముందు ఆలోచించండి.

రీబూట్ చేశాక పాత మెసేజ్‌లు లేవేంటి?

/వార్/లాగ్/జర్నల్ ఫోల్డర్ లేకపోతే జర్నల్ అంతా /రన్ కింద, అంటే మెమరీలోనే ఉంటుంది, మిషన్ ఆగితే పోతుంది. ఆ ఫోల్డర్ సృష్టించి `జర్నల్‌సీటీఎల్ --ఫ్లష్` కొడితే అక్కడి నుంచి డిస్క్ మీద పడుతుంది. డిస్క్ నిండుతుందేమో అన్న భయం అక్కర్లేదు: ఆ ఫైల్ సిస్టమ్ సైజులో 10 శాతం, ఎంత పెద్ద డిస్కయినా 4 జీబీ, అంతకుమించి డిఫాల్ట్‌గా వాడుకోదు.

లాగ్‌లో టైమ్ మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉంది, తప్పు పడుతోందా?

తప్పేం కాదు, సర్వర్ యూటీసీలో ఉంది. క్లౌడ్ మిషన్లు చాలావరకు అంతే. సర్వర్ టైమ్‌జోన్ మార్చకండి, మిగతా సర్వర్లతో పోల్చేటప్పుడు లెక్కలు తప్పుతాయి. చదివేటప్పుడు మాత్రం `టీజెడ్=ఏషియా/కోల్‌కతా జర్నల్‌సీటీఎల్ -టి నైట్‌బ్యాకప్` అని కొడితే మన టైమ్‌లో చూపిస్తుంది. `--సిన్స్` కి ఇచ్చే గంటలు కూడా అప్పుడు మన టైమ్ ప్రకారమే తీసుకుంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ సర్వర్లు చూసేవాళ్ళకి బాగా పనికొచ్చే చిట్కా.

మెసేజ్ తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు, యూటీఎఫ్-8 ఉంటే జర్నల్ చక్కగా దాచుకుంటుంది, చూపిస్తుంది. గమనించాల్సింది సైజు ఒక్కటే. లాగర్ డిఫాల్ట్‌గా ఒక మెసేజ్‌కి 1 కేబీ దాకా ఒప్పుకుంటుంది. తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కీ (అక్షరంలోని ఒక్కో ముక్కకీ) మూడు బైట్లు పడతాయి. "స్త్రీ" అన్నది చూడ్డానికి ఒక్క అక్షరం, లోపల మాత్రం స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం, మొత్తం ఆరు, అంటే 18 బైట్లు. పైప్ ద్వారా పొడుగు తెలుగు లైను పంపితే 1 కేబీ దగ్గర తెగి రెండో మెసేజ్‌గా పడుతుంది, ఆ కోత అక్షరం మధ్యలో పడిందంటే జర్నల్‌సీటీఎల్ దాన్ని చదవలేక "బ్లాబ్ డేటా" అని చూపిస్తుంది. పెద్ద ఎస్ ఆప్షన్‌తో సైజు పెంచుకోండి, `--సైజ్ 4కే` అన్నా అదే. నా సలహా అడిగితే మెసేజ్ తెలుగులో ఉన్నా ట్యాగ్ మాత్రం ఇంగ్లీషులో పెట్టండి, వెతికేటప్పుడు కీబోర్డ్ మార్చుకునే బాధ తప్పుతుంది.

## స్క్రిప్టుల్లో, క్రాన్‌లో

స్క్రిప్టు ఔట్‌పుట్ మొత్తం లాగ్‌లోకి వెళ్ళాలంటే ప్రతి లైనుకీ లాగర్ రాయాలా?

అక్కర్లేదు. బ్యాష్ స్క్రిప్టు అయితే పైన ఒక్క లైను చాలు: `ఎగ్జెక్ > >(లాగర్ -టి నైట్‌బ్యాకప్) 2>&1`. ఆ తర్వాత వచ్చే ప్రతి లైనూ ఒక్కో మెసేజ్‌గా వెళ్తుంది. మొదటి లైన్లో బిన్/ఎస్‌హెచ్ అని ఉంటే ఇది నడవదు, ఉబుంటులో ఆ ఎస్‌హెచ్ అంటే డ్యాష్, దానికి ఈ రాత తెలియదు. మామూలు ఔట్‌పుట్‌ని ఇన్ఫోగా, ఎర్రర్లని ఎర్ర్‌గా విడగొట్టాలంటే రెండు లాగర్లు పెట్టొచ్చు, కాకపోతే రెండు దారుల్లో వచ్చే లైన్ల వరస అటూ ఇటూ అవుతుంది.

క్రాన్‌లో పెడితే సగం కమాండే నడుస్తోంది, టెర్మినల్‌లో మాత్రం బాగానే ఉంది?

కమాండ్‌లో శాతం గుర్తు ఉందేమో చూడండి. క్రాన్‌ట్యాబ్‌లో శాతం గుర్తు అంటే కొత్త లైను అని అర్థం, `డేట్ +%ఎఫ్` లాంటిది ఉంటే అక్కడికి కమాండ్ తెగిపోతుంది, మిగతాది ఆ కమాండ్‌కి ఇన్‌పుట్‌గా పోతుంది. ప్రతి శాతం గుర్తు ముందూ ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేదా మొత్తం ఒక స్క్రిప్టు ఫైల్లో పెట్టి క్రాన్‌లో ఆ ఫైలు పేరే ఇవ్వండి, ఇదే నయం.

డంప్ ఫెయిలైనా స్క్రిప్టు సక్సెస్ అంటోంది, లాగర్ పెట్టాకే ఇలా అయింది. ఎందుకు?

`డంప్.ఎస్‌హెచ్ 2>&1 | లాగర్ -టి డంప్` అని రాసి ఉంటారు. పైప్‌లైన్‌లో షెల్ చూసేది చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌ని, ఆ చివరిది లాగర్, దాని పని అది సక్రమంగానే చేసింది. బ్యాష్‌లో పైన `సెట్ -ఓ పైప్‌ఫెయిల్` పెడితే అసలు ఫెయిల్యూర్ బయటికొస్తుంది. సిస్టమ్‌డీ ఉన్న చోట `సిస్టమ్‌డీ-క్యాట్ -టి డంప్ డంప్.ఎస్‌హెచ్` ఇంకా శుభ్రంగా ఉంటుంది, మీ కమాండ్ ఎగ్జిట్ కోడే నేరుగా వస్తుంది. అన్నట్టు, ఔట్‌పుట్ అంతా లాగర్‌లోకి పోతే క్రాన్ పంపే మెయిల్ కూడా ఆగిపోతుంది. ఆ మెయిల్ చూసి ఫెయిల్యూర్ తెలుసుకునే మనిషి ఎవరైనా ఉంటే ముందే చెప్పండి.

మెసేజ్‌లో స్టార్, డాలర్ పెడితే చెత్త వస్తోంది?

లాగర్ దాకా వెళ్ళకముందే షెల్ వాటిని మార్చేస్తోంది. కోట్స్ లేకుండా స్టార్ పెడితే ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళ పేర్లన్నీ లాగ్‌లో దిగుతాయి. సింగిల్ కోట్స్ వాడండి. మెసేజ్ హైఫన్‌తో మొదలైతే దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, ముందు విడిగా రెండు హైఫన్లు పెట్టాలి: `లాగర్ -టి టెంప్ -- "-5 డిగ్రీలు"`.

-ఐ పెడితే ప్రతి మెసేజ్‌కీ వేరే పిడ్ (ప్రాసెస్ నంబరు) వస్తోంది, ఒకే రన్‌కి చెందినవి ఎలా కలపాలి?

-ఐ ఇచ్చేది లాగర్ సొంత పిడ్, మీ స్క్రిప్టుది కాదు. `--ఐడీ=$$` పెడితే స్క్రిప్టు పిడ్ వెళ్తుంది. రూట్ కాకపోతే జర్నల్‌డీ దాన్ని నమ్మకుండా అసలు పిడ్‌నే వేసుకోవచ్చు. ఖచ్చితంగా కావాలంటే రన్ నంబర్‌ని మెసేజ్‌లోనే కలిపెయ్యండి.

పాస్‌వర్డ్ ఉన్న కమాండ్‌ని లాగ్ చేస్తే ప్రమాదమా?

ప్రమాదమే. లాగర్‌కి ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చింది ఆ క్షణంలో పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌లు చూపించే కమాండ్) కొట్టినవాళ్ళకి కనపడుతుంది, ఆ తర్వాత లాగ్‌లో, లాగ్ బ్యాకప్‌లో, సెంట్రల్ సర్వర్‌లో అలాగే ఉండిపోతుంది. నడిచే ప్రతి కమాండ్‌నీ చూపించే `సెట్ -ఎక్స్` పెట్టిన స్క్రిప్టు ఔట్‌పుట్‌ని లాగర్‌లోకి పంపేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి. పొరపాటున వెళ్ళిపోతే లాగ్ చెరిపే ప్రయత్నం కంటే ముందు పాస్‌వర్డ్ మార్చండి.

## సర్వర్లు ఎక్కువైనప్పుడు

నా మెసేజ్‌లు విడిగా ఒక ఫైల్లో పడాలంటే?

ఆర్‌సిస్‌లాగ్ ఉంటే /ఈటీసీ/ఆర్‌సిస్‌లాగ్.డి కింద చివర .కాన్ఫ్ ఉండే ఒక ఫైలు పెట్టి, దాంట్లో `లోకల్0.* /వార్/లాగ్/నైట్‌బ్యాకప్.లాగ్` అని రాసి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యండి. ఫైలు పేరు ముందు 30 లాంటి చిన్న అంకె పెడితే డిఫాల్ట్ రూల్స్ కంటే ముందు చదువుతుంది. కింద లైన్లో `& స్టాప్` అని పెడితే ఆ మెసేజ్‌లు మళ్ళీ సిస్‌లాగ్‌లో పడవు. కొత్త ఫైలుకి లాగ్‌రొటేట్ రూలు రాయడం మర్చిపోవద్దు.

వేరే సర్వర్‌కి నేరుగా పంపొచ్చా?

పంపొచ్చు. `లాగర్ -ఎన్ సర్వర్‌పేరు "మెసేజ్"` అంటే ముందు యూడీపీ 514 పోర్ట్ మీద వెళ్తుంది. యూడీపీలో అవతల చేరిందో లేదో తెలిసే దారి లేదు. టీసీపీ కావాలంటే పెద్ద టి ఆప్షన్, కానీ అప్పుడు డిఫాల్ట్ పోర్ట్ 601 అయిపోతుంది, చాలా ఆర్‌సిస్‌లాగ్ సర్వర్లు టీసీపీకి కూడా 514 మీదే వింటుంటాయి కాబట్టి పెద్ద పి తో 514 అని చెప్పాలి. లాగర్‌కి టీఎల్‌ఎస్ లేదు, మెసేజ్ బట్టబయలుగా వెళ్తుంది. టెస్టింగ్‌కి పర్లేదు. రోజూ పంపాలంటే లోకల్‌గా రాసి, అవతలికి చేర్చే పని ఆర్‌సిస్‌లాగ్‌కి వదిలెయ్యండి, దానికి క్యూ ఉంది, ఎన్‌క్రిప్షన్ ఉంది.

ఎవరైనా ఎస్‌ఎస్‌హెచ్‌డీ (రిమోట్ లాగిన్లు చూసుకునే ప్రోగ్రామ్) ట్యాగ్ పెట్టి దొంగ మెసేజ్ రాస్తే ఎలా తెలుస్తుంది?

రాయగలరు, నిజమే. మామూలు యూజర్ ఎవరైనా `లాగర్ -టి ఎస్‌ఎస్‌హెచ్‌డీ -పి ఆథ్.ఇన్ఫో` అని ఏమైనా రాయొచ్చు, టెక్స్ట్ ఫైల్లో చూస్తే అసలుదానికీ దీనికీ తేడా తెలియదు. లాగ్ చదివి ఐపీలని బ్లాక్ చేసే టూల్స్ వాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. జర్నల్‌లో మాత్రం దొరికిపోతారు. `జర్నల్‌సీటీఎల్ -ఓ వెర్బోస్` తో ఆ ఎంట్రీ తెరవండి, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫీల్డులు జర్నల్‌డీ సొంతంగా రాసినవి, పంపినవాళ్ళు మార్చలేరు. పేరు ఎస్‌ఎస్‌హెచ్‌డీ అని ఉండి కింద _యూఐడీ=1000 (యూజర్ నంబరు) అని కనపడితే అది అసలు ఎస్‌ఎస్‌హెచ్‌డీ రాసింది కాకపోవచ్చు, ఆ నంబరు ఎవరిదో చూసుకోండి.

## లైనక్స్ కాని చోట

మ్యాక్‌లో లాగర్ ఉంది కానీ మెసేజ్ దొరకట్లేదు?

2016లో వచ్చిన సియెర్రా నుంచి మ్యాక్‌లో యూనిఫైడ్ లాగింగ్ వచ్చింది, టెక్స్ట్ ఫైల్లో వెతికితే దొరకదు. `లాగ్ షో --లాస్ట్ 5ఎమ్ --ప్రెడికేట్ 'ప్రాసెస్ == "లాగర్"'` కొట్టండి. ఇన్ఫో, డీబగ్ లెవెల్స్ అక్కడ మామూలుగా డిస్క్ మీద నిలవవు, కాబట్టి నోటీస్ గానీ అంతకంటే పైది గానీ వాడండి.

విండోస్‌లో ఇలాంటిది ఏముంది?

`ఈవెంట్‌క్రియేట్` ఉంది, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నడపాలి. ఐడీ 1 నుంచి 1000 లోపే ఇవ్వాలి, రాసింది ఈవెంట్ వ్యూయర్‌లో కనపడుతుంది. పాత పవర్‌షెల్‌లో ఉన్న రైట్-ఈవెంట్‌లాగ్ పవర్‌షెల్ 7లో లేదు, పాత స్క్రిప్టులు అక్కడే ఆగిపోతుంటాయి.

రౌటర్‌లో, ఫోన్‌లో?

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్‌లో లాగర్‌తో రాసి `లాగ్‌రీడ్` తో చదువుకోవచ్చు, అదంతా డిఫాల్ట్‌గా మెమరీలోనే ఉంటుంది కాబట్టి కరెంటు పోతే లాగ్ కూడా పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఏడీబీ షెల్ తెరిచి `లాగ్ -పి ఐ -టి నాట్యాగ్ "మెసేజ్"` కొట్టండి, `లాగ్‌క్యాట్ -ఎస్ నాట్యాగ్` తో చూడండి.